గోడ దాటితే అవుట్

మా అత్త మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. కొడుకును చూడాలని అరవై రోజుల విజిట్ వీసా మీద ఉదయగిరి నుంచి దుబాయ్ వచ్చి, అందులో మూడు వారాలు ఆ కొడుకుతో మాట్లాడకుండా గడిపింది. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో. కారణం ఆస్తి కాదు, కోడలు కాదు. కోడలే కారణమైతే నాకు కొంచెం గౌరవంగా ఉండేది. కారణం ఇమామ్ హుస్సేన్ అనే ఎడమచేతి స్పిన్నర్.

నా పేరు తహ్మీనా. నెల్లూరులో బీఎస్సీ చదివాను, దుబాయ్ ఖిసైస్‌లో మా ఇంటి వంట చేస్తాను. మా ఆయన అల్లాబకాష్ అల్ ఖూజ్‌లో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో స్టోర్ ఇన్‌ఛార్జి. అది వారానికి ఆరు రోజులు. ఏడో రోజు ఆయన పెన్నా వారియర్స్ అనే క్రికెట్ టీముకి మేనేజర్. ఆరు రోజుల ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్తాడు. ఏడో రోజు ఉద్యోగం గురించి అడగకపోయినా చెప్తాడు.

మా అత్త రహమతున్నీసా 2023 డిసెంబర్ ఎనిమిదిన దిగింది. పదో తేదీ ఆదివారం. మొదటి ఆదివారమే ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఆమెనూ, మడతకుర్చీనీ, మా తొమ్మిదేళ్ళ అల్మాస్‌నీ కార్లో వేసుకుని మ్యాచ్‌కి తీసుకుపోయాం. అదే మేం చేసిన మొదటి తప్పు.

అల్ ఖూజ్ గ్రౌండ్ అంటే గడ్డీ, గ్యాలరీలూ ఊహించుకోకండి. గోడౌన్ల మధ్య మిగిలిపోయిన ఇసుక జాగా. టెన్నిస్ బంతికి ఎలక్ట్రీషియన్ల టేపు చుట్టి ఆడతారు. పడమటి వైపు టైర్ల గోడౌన్ గోడ, దాని వెనక రేకుల కప్పు. ఆదివారం గోడౌన్‌కి తాళం కాబట్టి బంతి లోపల పడితే సోమవారం దాకా దొరకదు. మొదటి ఏడాది ఒక మ్యాచ్‌లో పద్నాలుగు బంతులు పోయాయట. అప్పుడు లీగు వాళ్ళు కూర్చుని రూలు రాశారు. బంతి నేల మీద పోయి గోడకి తగిలితే నాలుగు పరుగులు. గోడ దాటితే అవుట్. మిగతా ప్రపంచంలో ఆరు పరుగులు ఇచ్చే దెబ్బకి ఇక్కడ తలవంచుకుని నడిచి రావాలి.

ఇదేదీ మా అత్తకి తెలియదు. కుర్చీలో సర్దుకుని, కొంగు తల మీదికి లాక్కుని, బౌలింగ్ చేస్తున్నతన్ని చూసింది.

"ఆ పిల్లోడు ఏంది అంత మెల్లగా ఏస్తుండాడు? అన్నం తినలేదా?"

పిల్లోడికి ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, చిన్న పొట్ట. లాండ్రీలో ఇస్త్రీ పని. ఊరు సీతారామపురం, అంటే మా అత్త లెక్కలో పక్కిల్లు.

"స్పిన్ అత్తా. మెల్లగానే వేస్తారు," అన్నాను.

తర్వాతి బంతి ఇంకా మెల్లగా, ఇంకా ఎత్తుగా వచ్చింది. బ్యాట్స్‌మన్ కళ్ళు వెలిగాయి. ఊపి కొట్టాడు. బంతి గోడ దాటి రేకుల మీద పడి టంగుమంది. కొట్టినవాడు బ్యాట్ చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

"అంత బాగా కొట్టినాడు గదా. ఎందుకు పోతుండాడు?"

"గోడ దాటితే అవుట్ అత్తా. ఇక్కడ రూలు."

ఆమె గోడను చూసింది. బౌలర్‌ను చూసింది.

"అయితే ఆ పిల్లోడు మెల్లగా ఏస్తుండేది చేతకాక కాదు. ఆశ పెడతుండాడు."

పదిహేనేళ్ళుగా క్రికెట్ చూస్తున్న మా ఆయన ఎక్సెల్ షీట్‌లో ఇమామ్ హుస్సేన్ పేరు పక్కన 'వేగం తక్కువ' అని రాసుకున్నాడు. మా అత్తకి ఆరు బంతులు సరిపోయాయి.

ఆ రోజు నుంచి ఆదివారం ఆమెది. తెల్లారకముందే లేచి కుష్కా, దాల్చా వండేది. ఇరుగుపొరుగుకి ఇవ్వమని తెచ్చిన మా ఊరి చెక్క గరిటెలు పన్నెండు ఉంటే, వాటిని నా దగ్గర నుంచి లాక్కుని, ప్రతి మ్యాచ్‌లో బాగా ఆడినవాడికి ఒకటి బహుమతిగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ లీగులో కప్పు ఉంది, మెడల్స్ ఉన్నాయి. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో పెట్టి, లేబర్ క్యాంపు గదుల్లో వండుకుని తినే ఆ మగాళ్ళు గరిటె కోసం మాత్రం కొట్టుకు చచ్చేవాళ్ళు. జనవరి మధ్యకి ఇమామ్ హుస్సేన్ దగ్గర నాలుగు గరిటెలు చేరాయి. 'పెద్దమ్మా, ఇంక కూర లేదు కలబెట్టడానికి,' అనేవాడు. ఆమె మురిసిపోయేది.

జనవరి పద్నాలుగు, ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అత్త సోఫాలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, గొంతు సవరించుకుని, టీవీలో వేలంపాట నడిపే మనిషిలా ప్రకటించాడు.

"ఒక ట్రేడ్ చేశాను. ఇమామ్ హుస్సేన్‌ని ఇచ్చి రాజమౌళిని తీసుకుంటున్నాం."

సీజన్ మధ్యలో ప్రతి టీమూ ఒక ఆటగాణ్ణి మరో టీముతో మార్చుకోవచ్చని లీగులో రూలుంది. రెండు టీముల మేనేజర్లూ సంతకం పెడితే చాలు. అప్పటిదాకా ఎవరూ దాన్ని వాడలేదు, వాడాలన్న ఆలోచన రాక.

"ఎవురికి ఇస్తుండావు?" అంది అత్త, వెల్లుల్లి మీద నుంచి కళ్ళెత్తకుండా.

"గోదావరి బ్రదర్స్‌కి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ టీము. వాళ్ళ మేనేజర్ ఏసురాజు వెంటనే ఒప్పుకున్నాడు."

"ఎందుకు ఒప్పుకోడు. వచ్చేవాడు ఏం చేస్తాడు?"

"రాజమౌళి అమ్మా. పోయిన వారం వాళ్ళ గ్రౌండ్‌లో చూశా. ఎనిమిది సిక్సులు. స్ట్రైక్ రేట్ రెండొందల పది."

"అంటే?"

"అంటే గట్టిగా కొడతాడు. పైకి."

"పైకి యాడికి?"

వాళ్ళ గ్రౌండ్ ఫ్యాక్టరీల వెనక బయలు. కొట్టినవాడికి ఎదురు చెప్పేది ఆకాశం ఒక్కటే. మన గ్రౌండ్ సంగతి ఆ క్షణందాకా ఎక్సెల్ షీట్‌లో లేదనుకుంటాను. మా ఆయన స్క్రీన్ వైపు చూసి, "కింద కొట్టడం నేర్పిస్తాం," అన్నాడు.

"నీకు నలభై రెండేళ్ళు. తడి టవలు మంచం మీద ఎయ్యకుండా నీకు నేను నేర్పించగలిగినానా?"

"అమ్మా, ఇది వేరే."

"హుస్సేనుకి చెప్పినావా?"

"గ్రూపులో పెట్టాను."

"గ్రూపులో పెట్టినావు," అంది అత్త. ఆమె చేతిలోని వెల్లుల్లి ఆగింది. "గ్యాస్ బండ అయిపోతే ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకుంటాం. ఆ పిల్లోడు ఏం ఖాళీ అయినాడని ఇచ్చినావు?"

"ఇది మేనేజ్‌మెంట్ డిసిషన్ అమ్మా. సెంటిమెంట్‌తో టీము నడవదు."

అత్త వెల్లుల్లి పళ్ళెం పక్కన పెట్టింది. చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్న కొడుకును వదిలేసి నా వైపు తిరిగింది.

"మీ ఆయనకు చెప్పు. నేను మేనేజ్‌మెంటుతో మాట్లాడనని."

అలా మొదలైంది. ఫిబ్రవరి ఆరున ఆమె వాపసు విమానం. నాలుగున లీగు ఫైనల్. నాలుగైదు రోజుల్లో దిగుతుందిలే అనుకున్నాను. మా అత్త కోపం గురించి నాకు పన్నెండేళ్ళ అనుభవం ఉండి కూడా అలా అనుకున్నాను.

అప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచాయి.

"వాడికి చెప్పు, నీళ్ళు కాగినాయి."

"అమ్మని అడుగు, బీపీ మాత్ర వేసుకుందా అని."

"ఏసుకున్నా అని చెప్పు. బీపీ ఎందుకొచ్చిందో కూడా చెప్పు."

నేను మాటల్ని కొంచెం మెత్తబరిచి చేరవేసేదాన్ని. 'అత్తా, మీ అబ్బాయి మీ మీద దిగులు పెట్టుకున్నాడు,' అంటే, 'దిగులుంటే హుస్సేనుని తెచ్చుకోమను,' అనేది. మెత్తబరిచే పనికి పరిమితులున్నాయని తెలిశాక, నా వినోదం నేను చూసుకున్నాను. 'గోడ ఇంకా అక్కడే ఉందని అమ్మ చెప్పమంది,' అని నేను ఆయనకి మూడుసార్లు చెప్పాను. అందులో అత్త నిజంగా చెప్పింది ఒకసారే.

తర్వాతి ఆదివారం అల్ ఖూజ్‌లో రెండు మ్యాచ్‌లు. ముందు మాది, తర్వాత గోదావరి వాళ్ళది. కారు దిగగానే అత్త మడతకుర్చీ చంకలో పెట్టుకుని పిచ్ మీదుగా, అటూ ఇటూ చూడకుండా, గోదావరి బ్రదర్స్ నిలబడ్డ వైపుకి నడిచిపోయింది. ఆ వెనకే కుష్కా గిన్నె మోస్తూ నేను. కోడలి ధర్మం కదా. గిన్నె మైదానం దాటుతుంటే మా టీము మొత్తం దాన్ని కళ్ళతో సాగనంపింది. మా ఆయన మాత్రం చాలా శ్రద్ధగా ఒక స్టంప్‌ను నిలబెడుతున్నాడు.

"రండి రండి పెద్దమ్మగారూ," అన్నాడు ఏసురాజు, పెద్ద మీసాల భీమవరం మనిషి. "మీరు మావైపు రావడం మా అదృష్టమండీ బాబూ. గిన్నె కూడా వచ్చిందాండీ?"

"గిన్నె లేకుండా నేనెట్టా వస్తా."

రాజమౌళిని ఆ రోజే మొదటిసారి చూశాను. జగిత్యాల మనిషి, అల్యూమినియం ఫ్యాక్టరీలో పని, తలుపంత వెడల్పు భుజాలు. మా ఆయన వారమంతా ఫోన్లో అతనికి 'కింద, కింద' అని నూరిపోశాడు. రాజమౌళి క్రీజులోకి వచ్చాడు, మొదటి బంతి చూశాడు, కొట్టాడు. బంతి గోడ దాటింది, రేకుల కప్పూ దాటింది, వెనక వీధి వైపు వెళ్ళిపోయింది. ఆ గ్రౌండ్‌లో అంత అందంగా ఎవరూ అవుట్ కాలేదు.

బయటికి వస్తూ మా ఆయన ముందు ఆగాడు. "అన్నా, ఎంత దూరం వడ్డదో సూశినవా?"

"చూశా. అవుటయ్యావు."

"గది నాకెరికే. గని సూశినవా?"

మా ఆయన తల ఊపక తప్పలేదు. చూశాడు మరి.

అవతలి వైపు నుంచి అత్త అంతా గమనించింది. "వాడి తప్పేముంది," అంది నాతో. "పైకి కొట్టేవాడు పైకే కొడతాడు. తప్పు తెచ్చినోడిది. ఈ మాట మీ ఆయనకు చెప్పు." చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు, కలపాల్సిన పని లేదు.

ఆ బుధవారం అత్త కుష్కా మళ్ళీ వండింది. ఆదివారం ఇమామ్ హుస్సేన్ సరిగా తినలేదట, పళ్ళెంలో వదిలేశాడట. టిఫిన్ గిన్నె తీసుకుని ఇద్దరం టాక్సీలో అల్ ఖూజ్ లాండ్రీకి వెళ్ళాం. హోటళ్ళ దుప్పట్లు గుట్టలుగా ఉన్నాయి. లోపలంతా ఆవిరి. ఇమామ్ హుస్సేన్ పెద్ద ఇస్త్రీ మిషన్ దగ్గర చెమటలు కక్కుతూ కనిపించాడు. మిషన్ పక్క గోడకి నాలుగు చెక్క గరిటెలు వరసగా మేకులకి వేలాడుతున్నాయి.

"పెద్దమ్మా, వదినా, ఈ ఎండలో మీరెందుకు వచ్చినారు?" అని స్టూలు తుడిచి వేశాడు.

"కొత్త టీములో బాగుందా నాయనా?"

"బాగానే ఉంది పెద్దమ్మా. మంచోళ్ళు. ఏసురాజన్న చేపల పులుసు తెస్తాడు."

"మరి మొహం అట్టుండాదేంది?"

అతను నవ్వి, ఒక దుప్పటి చివరలు కలిపి మడతపెట్టాడు. ఇంకోసారి మడతపెట్టాడు.

"ఏం లేదు పెద్దమ్మా. ఎనిమిదేళ్ళలో కంపెనీ నన్ను మూడు బ్రాంచీలు మార్చింది. ముందురోజు సాయంత్రం ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి రేపట్నించి ఆడికి పో అంటాడు. సరే అంటాం. అది డ్యూటీ. ఆదివారం ఒక్కటి డ్యూటీ కాదు గదా అనుకున్నా." టిఫిన్ మూత తీసి వాసన చూశాడు. "జీడిపప్పు ఎక్కువేసినారే."

తిరిగి వస్తుంటే టాక్సీలో అత్త ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకుతో మాట్లాడకపోవడం వేరు, అది చాలా మాటలతో నడిచే మౌనం. ఇది నిజం మౌనం. ఇల్లు చేరాక చెప్పులు విప్పుతూ అంది.

"ఆ పిల్లోడు చెప్పింది వాడికి చెప్పొద్దు. వాడికే తెలవాల."

తెలిసే సూచనలేమీ కనిపించలేదు. పైగా సెమీఫైనల్ రాజమౌళి పాత గ్రౌండ్‌లో, ఆ బయల్లో పడింది. ఏడు సిక్సులు కొట్టాడు. ఏడోది పడ్డచోట ఎవరో ఆరేసుకున్న చొక్కాల తాడు తెగింది. మేము ఫైనల్‌కి వచ్చాం. ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టిన మా ఆయన నడక చూడాల్సింది. లిఫ్ట్ నుంచి తలుపు దాకా పది అడుగులు, పదీ సిక్సులే.

"అమ్మకి చెప్పు, ఏడు సిక్సులు అని."

"మీ ఆయనను అడుగు, ఫైనల్ యాడ అని."

ఫైనల్ ఎప్పుడూ అల్ ఖూజ్‌లోనే. అన్ని క్యాంపుల బస్సులకీ అదే అనుకూలం. ఎదుటి టీము గోదావరి బ్రదర్స్. మా ఆయన నడక మామూలు నడక అయింది.

ఫిబ్రవరి ఒకటి వచ్చింది. అత్త సూట్‌కేసు తెరిచి సర్దడం మొదలుపెట్టింది. ఖర్జూరాలు ఒక పక్క, ఊళ్ళో ఉన్న మనవళ్ళ బూట్లు ఒక పక్క. మధ్యలో చేతులు ఆపి కూర్చుంది.

"అత్తా, ఇంక అయిదు రోజులే. ఒక్క మాట మాట్లాడితే ఏం పోతుంది?"

"పోయేదేం లేదు. వాడు తప్పని ఒప్పుకోనీ."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"ఇట్నే పోతా," అంది. కానీ ఆ బూట్లని ఖర్జూరాల వైపుకీ, మళ్ళీ ఇటువైపుకీ ఎందుకు జరుపుతోందో ఆమెకే తెలియదు.

మా ఆయన తప్పు ఒప్పుకోవడం నేను పన్నెండేళ్ళలో చూడలేదు. ఒకసారి పక్కనే ఉన్న షార్జా పోదామని బయలుదేరి ఫుజైరా రోడ్డెక్కాడు. గంటన్నర తర్వాత ఎదురుగా సముద్రం కనిపిస్తే, 'మీకు ఈ సముద్రం చూపిద్దామనే,' అన్నాడు. అంతటి మనిషి. అరవై ఆరేళ్ళ తల్లి మూడు వేల కిలోమీటర్లు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోతుందని, ఆ తర్వాత ఫోన్లో కూడా 'వాడికి చెప్పు' అంటుందని నాకు నిజంగానే భయం వేసింది. నేను ఇక్కడ, ఆమె అక్కడ ఉండి ఆ మాటలు మోయడం నా వల్ల కాదు.

కాబట్టి ఆ సాయంత్రం సమ్మె ప్రకటించాను. ఇద్దరూ హాల్లో ఉండగా గరిటె పట్టుకుని నిలబడి చెప్పాను.

"ఖలాస్. రేపట్నుంచి ఈ ఇంట్లో ఎవరి మాటలు వాళ్ళే మోసుకోండి."

మరుసటి రోజు ఇద్దరూ ఫ్రిజ్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు. "పెరుగు ఉంటే బాగుండు," అనేవాడు మా ఆయన ఫ్రిజ్ ముందు నిలబడి. "రెండో అరలో ఉండాది, కళ్ళుంటే కనపడతాది," అనేది అత్త ఫ్రిజ్ వెనక గోడను చూస్తూ. అల్మాస్ నా చెవిలో, "జేజి ఫ్రిజ్‌తో మాట్లాడితే అది సమ్మెకి వ్యతిరేకమా మమ్మీ?" అని అడిగింది. ఫ్రిజ్‌కి యూనియన్ లేదని చెప్పాను.

శనివారం పొద్దున వంటింట్లో ఆయన ఒక్కడే కూర్చుని ఫైనల్‌కి బంతులు సిద్ధం చేస్తున్నాడు. టెన్నిస్ బంతి మీద తెల్ల టేపు ఒక వరస గట్టిగా చుట్టి, కోసి, పక్కన పెడుతున్నాడు. అత్త పక్కింటి వాళ్ళకి చెప్పి రావడానికి వెళ్ళింది.

"ఒక మాట చెప్తాను," అన్నాను.

"సమ్మెలో ఉన్నావు కదా."

"అత్త మాటలకి సమ్మె. ఇది ఇమామ్ హుస్సేన్ మాట." లాండ్రీలో అతను అన్నది అన్నట్టే చెప్పాను. బ్రాంచీలు, ముదీర్, ఆదివారం. మెత్తబరచలేదు, కలపలేదు.

ఆయన టేపు చుడుతూనే ఉన్నాడు. ఒక వరస అయిపోయి రెండోది పడింది, మూడోది పడింది. రెండేళ్ళ క్రితం ఈయన్ని సైట్ నుంచి స్టోర్‌కి మార్చిన సంగతి ఈయనకి నోటీసు బోర్డు మీద కనిపించింది. ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ సంగతి నేను ఎత్తలేదు.

"ఈ బంతి పనికిరాదు," అన్నాడు చివరికి. "బరువైపోయింది." టేపంతా విప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టాడు.

ఫైనల్ రోజు చలిగాలి. ఎనిమిది టీముల వాళ్ళూ వచ్చారు, కంపెనీ బస్సులు వరసగా ఆగాయి. అత్త కుర్చీ గోదావరి వైపే వేయించుకుంది. నేను పక్కన ప్లాస్కు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఎదురు వైపు, బౌండరీ గీత మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

గోదావరి వాళ్ళు ఎనిమిది ఓవర్లలో అరవై రెండు కొట్టారు. మా వాళ్ళు బాగానే తరుముకొచ్చారు గానీ, ఇమామ్ హుస్సేన్ వేసిన ఒక్క ఓవర్‌లో ముగ్గురు ఆశపడ్డారు. ముగ్గురూ గోడ దాటించారు. ఆఖరి ఓవర్‌కి వచ్చేసరికి ఏడు పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్. బంతి ఇమామ్ హుస్సేన్ చేతిలో. బ్యాట్ రాజమౌళి చేతిలో.

మొదటి బంతి ఎత్తుగా, పెళ్ళి భోజనానికి పిలిచినంత మర్యాదగా వచ్చింది. రాజమౌళి చేతులు ఊపబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, బ్యాట్ కిందికి దించి నేల మీద తోశాడు. బంతి ఇసుకలో జారుకుంటూ పోయి గోడకి తగిలింది. నాలుగు. మా ఆయన గీత మీద చిన్నగా గెంతాడు. మూడు వారాల కోచింగ్ మరి.

ఇంక మూడు పరుగులు, అయిదు బంతులు.

అత్త కుర్చీ అంచుకి జరిగింది. ఇమామ్ హుస్సేన్ బంతిని చొక్కాకి రుద్దుతూ, గోడ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు అత్త పట్టుకుంది.

"ఇప్పుడు ఇంకా పైకేస్తాడు," అంది గొణుగుతూ. "అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు. వాణ్ణి తొందరపడొద్దని చెప్పమను."

"సమ్మె అత్తా," అన్నాను, టీ పోసుకుంటూ.

"ఇప్పుడు కాదులే నీ సమ్మె. పోయి చెప్పు."

"మీరు ఏ టీము అత్తా అసలు?"

ఇమామ్ హుస్సేన్ అడుగులు వేయడం మొదలుపెట్టాడు. అత్త లేచి నిలబడింది. కొంగు జారిపోయింది. ఉదయగిరిలో కొండ మీది మేకల్ని పిలిచే గొంతు బయటికొచ్చింది.

"ఒరే బకాషూ, వాణ్ణి కింద కొట్టమని చెప్పరా, హుస్సేను పైకేస్తుండాడు."

మూడు వారాల తర్వాత తల్లి నోటి వెంట వచ్చిన తన పేరు విని మా ఆయన గిరుక్కున ఇటు తిరిగాడు. నోరు తెరుచుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. రాజమౌళికి ఏమీ చెప్పలేదు. అందుకే ఆ సీజన్‌లోకెల్లా పెద్ద దెబ్బని పెన్నా వారియర్స్ మేనేజర్ చూడలేదు. వెనకాల రేకుల మీద టంగుమన్న చప్పుడు మాత్రం విన్నాడు.

ఒక్క క్షణం అందరూ గోడ వైపే చూశారు. తర్వాత గోదావరి వాళ్ళంతా ఒక్కసారి మైదానంలోకి దూకారు. ఎవరో ఖాళీ నీళ్ళ క్యాను బోర్లించి దరువు వేశారు. ఏసురాజు మరో ముగ్గురితో కలిసి ఇమామ్ హుస్సేన్‌ని భుజాల మీదికి ఎత్తాడు. రాజమౌళి బ్యాట్ నేల మీద ఆనించి బంతి పోయిన దిక్కుకే చూస్తున్నాడు, ముఖం నిండా సంతోషంతో. "గిట్ల మల్ల తాకది," అంటున్నాడు ఎవరితోనో.

అత్త మెల్లగా కూర్చుంది. "నేను మాట్లాడినానా?"

"మాట్లాడారు."

"పొరపాటున."

"మైదానమంతా వింది అత్తా. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేదు."

మా ఆయన పిచ్ దాటి వచ్చి ఆమె కుర్చీ ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మా వైపు స్కోరు రాస్తున్న అల్మాస్ కూడా పుస్తకంతో వచ్చి పక్కన నిలబడింది, ఇదీ రాసుకోవాలేమో అన్నట్టు.

"నువ్వు చెప్పినట్టే అయింది అమ్మా. ఆ గోడ..."

"గోడ సంగతి ఎవురికి కావాల," అంది అత్త, నేరుగా అతని మొహంలోకి చూస్తూ. "గోడకి నువ్వేం అన్యాయం చెయ్యలా. నా కాడ నిలబడినావేంది?"

గడ్డంతో మైదానం మధ్యకి చూపించింది.

ఆయన అటు చూశాడు. టోపీ మళ్ళీ తీశాడు. ఈసారి చేతిలోనే పట్టుకుని నడిచాడు. మేము వెనకే వెళ్ళాం, అత్త నా చెయ్యి పట్టుకుని, ఇసుకలో చెప్పులు జారుతుంటే.

ఇమామ్ హుస్సేన్ నలుగురి భుజాల మీద ఊగుతున్నాడు. క్యాను దరువు, ఈలలు, చప్పట్లు. మా ఆయన తలెత్తి ఏదో అన్నాడు. ఏమీ వినపడలేదు.

"ఏందన్నా?" అని పైనుంచి వంగాడు ఇమామ్ హుస్సేన్.

మా ఆయన ఇంకొంచెం గట్టిగా అన్నాడు. పెదవులు కదలడం కనిపించిందే గానీ దరువులో కలిసిపోయింది. ఇమామ్ హుస్సేన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మా ఆయన ఊపిరి తీసుకుని, గొంతులో ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఏసురాజు, పాపం ఏదో చెప్పాలనుకుంటున్నాడని జాలిపడి, క్యాను వాయించేవాణ్ణి ఆపమని చెయ్యెత్తాడు. దరువు ఆగింది. ఈలలు ఆగాయి. ఎనిమిది టీములు, బస్సుల డ్రైవర్లు, టీ అమ్మేవాడు, అందరూ ఇటు తిరిగిన ఆ నిశ్శబ్దంలో మా ఆయన గొంతు గోడకి తగిలి వెనక్కొచ్చేంత గట్టిగా వినపడింది.

"తప్పు నాది హుస్సేనూ. నిన్ను ఒక్క మాట అడక్కుండా పంపినా. తప్పు చేసినా."